మడత పడ్డ నోటు

అమ్మ పోయాక పోపులపెట్టె అడుగున ఓ పాత రూపాయి నోటు దొరికింది. నాలుగు మడతలు, ఒక మూల పసుపు మరక. ఆర్థిక శాఖ కార్యదర్శిగా మన్మోహన్ సింగ్ సంతకం ఉంది కాబట్టి 1976-80 నాటిది. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఉంటూ హిందీ బడికి వెళ్లే నాకు అమ్మ తెలుగు చదవడం నేర్పింది ఇలాంటి నోటు వెనకవైపే. భాషల వరుసలో ఉర్దూకి సరిగ్గా పైన ఉండేది: 'ఒక రూపాయి'.

సదర్ బజార్‌లో పాత నోట్లు కొనే కుర్రాడు దాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూశాడు.

"పిన్ను రంధ్రాలకేం లేదు అంకుల్, అప్పట్లో బ్యాంకులే కొట్టేవి. మడతలే చెడగొట్టాయి. ఆపైన మరక. కట్టలోంచి తీసింది తీసినట్టుంటే రేటు వేరు."

అలాంటిదొకటి ప్లాస్టిక్ కవరులోంచి చూపించాడు. తళతళలాడుతోంది. అది ఉప్పు కొనలేదు, ఎవరికీ చిల్లర కాలేదు. దాని రేటంతా అందులోనే ఉంది.

తిరిగొస్తూ బూఢా తలాబ్ గట్టున కూర్చున్నాను. గీత ఐదో అధ్యాయంలోని తామరాకు గుర్తొచ్చింది. దేనికీ అంటకుండా ఉండడమే గొప్పయితే ఆ కవరులోని నోటు యోగి కావాలి. కానీ తామరాకు నీళ్లలోనే ఉంటుంది. నీళ్లలోకే దిగని ఆకుకి తడి అంటకపోతే అందులో సాధన ఏముంది?

పోనీ, నోటు మీద అచ్చేసిన విలువైనా నిలుస్తుందా? రూపాయి నోటు ముద్రణ 1994లో ఆపి 2015లో మళ్లీ మొదలుపెట్టారు, పాతదీ చెల్లుతుంది. సారా కొట్టు నుంచి గుడి హుండీకి వెళ్లినా పైసా తగ్గదు. ఆత్మ ఇలాంటిదే అనబోయాను. 2016 నవంబరు 8 రాత్రి అడ్డొచ్చింది. ఒక్క ప్రకటనతో 500, 1000 నోట్లు చెల్లకుండా పోయాయి. 2017 చట్టం వాటిని మామూలు మనిషి దగ్గర పది వరకు, నాణేల శాస్త్రం కోసమైతే పాతిక వరకు ఉండనిచ్చింది. అచ్చు విలువా ఒకరు ఇచ్చిందే, సేకర్త కట్టే విలువా ఒకరు ఇచ్చేదే. నోటుకి సొంతమైంది అది చేసిన పనొక్కటే.

అమ్మ నోటుకి పసుపు అంటింది గనక అదీ తామరాకు కాదు. నేనూ కాను. కాకపోతే ఇద్దరం నీళ్లలోకి దిగినవాళ్లం.

"కడగకండి, ఇస్త్రీ చేయకండి, అది మోసం కింద లెక్క" అన్నాడు కుర్రాడు, నేను కొట్టు నుంచి వచ్చేముందు. ఆ మాట పాటించాను. పాత మడతల మీదే మడిచి, పోపులపెట్టెలో పెట్టేశాను.