పనికిరాని నేల

గడచిన పుష్యమాసమున నొక ఆదివారమునాడు మేము కుటుంబసమేతముగా కోవిల్‌పట్టి నుండి వేకువనే బయలుదేరి, తిరుచెందూరునకును సాత్తాన్‌కుళమునకును నడుమనున్న తేరికాడును చూచి వచ్చితిమి. తేరి యనగా ఎఱ్ఱని ఇసుకదిబ్బల ప్రదేశము. రేణువులకంటిన ఇనుపతుప్పే ఆ యెరుపునకు కారణము. నైరృతి గాలులు వీచు నెలలలో ఆ యిసుక లేచి నడచును. నేటి అడుగుజాడ రేపటికి మిగులదు. ఈశాన్యపు వానలు తీరిన చలికాలమున మాత్రము అణగియుండి, పసిపిల్లల పాదములకు సైతము చల్లగా తగులును.

దిబ్బ యెక్కిన పిమ్మట మా మనుమడు, “తాతా, ఇది దేనికి పనికివచ్చును?” అని యడిగెను. “దేనికిని పనికిరాదు నాయనా” అని మేము తడుముకొనక యంటిమి. గుమాస్తాగిరిలో పైరు పండని నేల కెదురుగా ‘తరిశు’, అనగా బీడు, అని యేండ్ల తరబడి వ్రాసిన చేయి మాది.

మధ్యాహ్నమునకు అరుంజునై కాత్త అయ్యనారు గుడి చేరితిమి. అమూల్యమైన ఊటను కాచిన దేవుడని ఆ పేరున కర్థము. ఇసుక వాననీటిని పారనీయక లోనికి పీల్చి దాచుకొనును. దిబ్బల నడుమ నీరూరుటకు, తాటిచెట్లు బ్రదుకుటకు అదియే ఆధారము. ఈ ప్రాంతపు ఉడన్‌గుడి తాటిబెల్లమునకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఇసుకలో ఇల్మెనైటు అను ఖనిజము సైతము కలదు. దానికై 2007లో టైటానియము కర్మాగారము తలపెట్టగా స్థానికులు ఎదిరించిరి, అది నెలకొనలేదు.

కావున మా జవాబు తప్పని మనుమనితో ఒప్పుకొంటిమి. కాని మా మనస్సు కుదుటపడలేదు. ఊటయు, తాడియు, ఖనిజమును లేకున్నచో ఆ నేల నిజముగా వ్యర్థమేనా? పనికిరాదని పారవేయువాడును, పనికివచ్చునని తెలియగానే త్రవ్వుకొని పోవువాడును దానిని ఒక్క కంటితోనే చూచుచున్నారు గదా!

ప్రయోజనము కోరుట పాపమని మేమనము. ఆకలిగొన్నవానికి ఆ మాట చెప్పరాదు. కాని తాడి యెక్కువాడు చెట్టిచ్చినది పుచ్చుకొని చెట్టును నిలువనిచ్చును. ఆ మర్యాద యుండవలెను.

నిరుడు పెద్దబాలశిక్ష తెరచి కూర్చుండబెట్టినప్పుడు ఈ బాలుడే, “బడిలో లేని తెలుగు నాకెందులకు?” అని యడిగియుండెను. అప్పుడు మేము ఏవేవో లాభములు ఏకరువు పెట్టితిమి. వాడు నమ్మలేదు, నిజము చెప్పవలెనన్న మేమును పూర్తిగా నమ్మలేదు. మా తల్లి మమ్ము పిలిచిన మాట గనుక అది మాకు కావలెనని చెప్పుటకు ఏలనో సిగ్గుపడితిమి. తరతరములుగా పరాయి సీమలో దానిని నిలిపినవారు లాభము చూచి నిలిపిరా? పింఛను పుచ్చుకొని మూలనున్న మావంటి ముదుసలికి ఇంట పెట్టు అన్నము మాత్రము ఏ లాభమునకు?

ఆ సాయంకాలము తిరిగివచ్చుచు వానితో ఈ మాట చెప్పితిమి. ఎంత గ్రహించెనో తెలియదు. ఇల్లు చేరినపిమ్మట వాడు చెప్పులలోని ఎఱ్ఱ యిసుకను దులిపి యొక చిన్నసీసాలో పోసి తన పుస్తకముల నడుమ నుంచుకొనెను. దేనికని మేమడుగలేదు.