మంచి పనికైనా అడగాలా?

ఒక పని మంచిదే అనుకుందాం. దానివల్ల నీడ లేనివాళ్లకు నీడ దొరుకుతుంది. అప్పుడు కూడా అక్కడున్న వాళ్లను ముందుగా అడగాలా? ఈ ప్రశ్న మన గూడేలకు కొత్త కాదు. ప్రాజెక్టు వచ్చినా, గని వచ్చినా, పులుల అభయారణ్యం వచ్చినా మనం విన్న మాట ఒకటే: ఇది అందరి మేలు కోసం. ఈసారి ఆ ప్రశ్నను అడవిలో కాకుండా, మన పిల్లలు చదువుకుంటున్న నగరంలో పెట్టి చూద్దాం. అక్కడ జవాబు చెప్పడం ఇంకా కష్టం.

2015 మే నెలలో, స్వచ్ఛ హైదరాబాద్ కార్యక్రమం జరుగుతున్న రోజుల్లో, అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఒక మాట ప్రకటించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ భూముల్లో 11 ఎకరాలు తీసుకుని పేదలకు ఇళ్లు కట్టిస్తామన్నారు. విద్యార్థులు ఒక్కసారిగా లేచారు. తెలంగాణ కోసం లాఠీ దెబ్బలు తిన్న క్యాంపస్‌ను ఒక్క మాటైనా అడగకుండా ఎలా నిర్ణయిస్తారన్నది వాళ్ల ఆగ్రహం. 1918లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం భూమి ఇప్పుడున్న వాళ్లదే కాదు, రేపు చదువుకోవడానికి వచ్చే వాళ్లది కూడా అన్నది వాళ్ల వాదన. ప్రభుత్వం వైపు వాదన కూడా చిన్నది కాదు. ఇరుకు గదుల్లో బతికే కుటుంబాలున్నాయి, పక్కనే ఖాళీ భూమి ఉంది. చివరికి ఆ ప్రతిపాదన ముందుకు సాగలేదు.

మేము ఎటు నిలబడాలి? ఆ క్యాంపస్ హాస్టళ్లలో, తార్నాక, మెట్టుగూడ అద్దె గదుల్లో మన పిల్లలున్నారు. ఇంటికి మొదటిసారి డిగ్రీ తెచ్చేది వాళ్లే. క్యాంపస్‌ను ఆనుకునే మాణికేశ్వర్ నగర్ ఉంది. దానికి వడ్డెర బస్తీ అనే పేరు కూడా ఉంది. రాయి కొట్టి, ఇటుక మోసి ఊరిని కట్టిన వాళ్ల బస్తీలు అలాంటివి. పని వెతుక్కుంటూ నగరానికి పోయిన మనవాళ్లు తల దాచుకునేదీ అలాంటి చోట్లలోనే. ఇద్దరూ మనవాళ్లే అయినప్పుడు ఎవరిది న్యాయం అని తేల్చే ముందు ఇంకో ప్రశ్న వేయాలి. ఎవరిని అడిగారు?

విద్యార్థులను అడగలేదు. ఇది అందరికీ కనిపించింది. అయితే పేదలను మాత్రం అడిగారా? మీకు ఎక్కడ ఇల్లు కావాలి, పనికి ఎంత దూరమైతే వెళ్లగలరు, పిల్లల బడి ఏది, నాలుగంతస్తులు ఎక్కగలరా అని కనుక్కున్నారా? ఆ రోజుల్లో పేదలు అనే మాట అందరి నోటా వినిపించింది. ఆ పేదల గొంతు మాత్రం ఎక్కువగా వినిపించలేదు.

అడగడం మర్యాద కోసం మాత్రమే కాదు, తెలుసుకోవడం కోసం కూడా. అదే 2015లో, నవంబరులో, సికింద్రాబాద్ భోయిగూడ ఐ.డి.హెచ్. కాలనీలో 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభమయ్యాయి. పాత ఇళ్లున్న చోటే కొత్తవి కట్టారు కాబట్టి పని, బడి, చుట్టాలు దూరం కాలేదు. తర్వాత 2023లో ప్రారంభించిన కొల్లూరు కాలనీలో 15,660 ఇళ్లు కట్టారు. ఇళ్లు గట్టివే. కానీ అది సంగారెడ్డి జిల్లాలో, నగరం అంచు దాటాక ఉంది. తార్నాకలో నాలుగిళ్లలో పాచిపని చేసే తల్లికి అక్కడ ఇల్లిస్తే, ఇల్లు వస్తుంది, పని పోతుంది. ఆ లెక్క ఆమెకు తెలుసు. మ్యాపు గీసేవాళ్లకు ఆమె చెబితేనే తెలుస్తుంది.

ఈ సంగతి మనకు పోలవరం నేర్పింది. 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఆ గూడేల ఓటు ఎవరూ తీసుకోలేదు. నిర్వాసితులకు కాలనీల్లో ఇళ్లు వరసలుగా కట్టారు. కోళ్లకు, మేకలకు, ఇప్పపువ్వు ఎండబెట్టుకునే వాకిలికి ఆ వరసల్లో చోటెక్కడిది? మనకు ఇల్లంటే నాలుగు గోడలే కాదని ఎవరైనా ముందుగా అడిగి ఉంటే ముసలమ్మ కూడా చెప్పేది.

చట్టాలు ఏమంటున్నాయో యువకులు తెలుసుకోవాలి. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి సేకరించే ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలి. 2013 భూసేకరణ చట్టం ఇంకో అడుగు ముందుకేసి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ముందస్తు సమ్మతి కావాలంది. సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. సంప్రదించిన వాడు విని వెళ్లిపోవచ్చు. సమ్మతి కావాల్సిన వాడు ఆగాలి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నియమగిరి కొండల విషయాన్ని గ్రామసభలకే వదిలింది. ఆ ఏడాదే 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని కాదన్నాయి. ఆ కాదన్న మాటకు బలం ఉంది కాబట్టే కొండ నిలిచింది.

మెట్టుగూడలో అలాంటి గ్రామసభ లేదు. ప్రభుత్వ భూమిలో ప్రభుత్వం కడితే భూసేకరణ చట్టం ఎవరి సమ్మతీ కోరదు. చట్టం అడగమనలేదు కాబట్టి అడగనక్కర్లేదు అనుకోవడం న్యాయం కాదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. అందరినీ అడిగితే పేదల ఇళ్లు ఎక్కడా కట్టలేం, ముందొచ్చిన వాళ్లు వెనకొచ్చే వాళ్లను రానివ్వరు అంటారు. ఇది నిజమైన భయమే. బస్తీవాళ్లు పక్కన వద్దనే కాలనీలు నగరంలో చాలా ఉన్నాయి. మా ఆలోచన ఏమిటంటే, అందరినీ అడగాలి, కానీ అందరి కాదనే మాటకూ ఒకే తూకం వేయకూడదు. ఇల్లు, భూమి, దేవుడి కొండ పోయేవాళ్ల సమ్మతి లేకుండా కదలకూడదు. గాలి, వెలుతురు, ఆటస్థలం తగ్గే వాళ్ల మాట విని, దానికి జవాబు చెప్పాలి. పక్కింటి వాళ్లు పేదవాళ్లన్నది ఒక్కటే అభ్యంతరమైతే దాన్ని విన్నాక పక్కన పెట్టవచ్చు. ఆ ఇళ్లలోకి రాబోయే వాళ్లు కూడా ఆ సభలోనే కూర్చోవాలి. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు వద్దనేవాడు కారణం వెతుక్కోవాల్సి వస్తుంది.

మన సభలు అన్నీ సక్రమం అని చెప్పుకోలేం. కొత్తల పండుగ చేయకుండా కొత్త పంట ముట్టని మనం, సభలో ఆడవాళ్లను వెనక వరసలో కూర్చోబెడతాం. అటవీ హక్కుల చట్టం నిబంధనలు సభ్యుల్లో సగం మంది రావాలని, వచ్చినవాళ్లలో మూడో వంతు స్త్రీలుండాలని చెబుతున్నాయి. ఎన్ని చోట్ల అది సంతకాల పుస్తకంలోనే జరిగిపోతోంది? మనల్ని అడగలేదని బయటివాళ్లను నిలదీసే ముందు మన ఇంట్లో అడుగుతున్నామా అని చూసుకోవాలి.

ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. పై తరగతుల పిల్లలతో ఒక గ్రామసభ తీర్మానం చదివించండి. నిర్ణయానికి ముందు పిలిచారా, తర్వాతా? కాగితాలు మన భాషలో చదివి వినిపించారా? ఇంటికి వెళ్లి మాట్లాడుకునే గడువిచ్చారా? చెప్పిన మాట వల్ల ఏదైనా మారిందా? మారకపోతే ఎందుకు మారలేదో చెప్పారా? ఈ ఐదు ప్రశ్నలూ పిల్లలకు అలవాటైతే చాలు. నగరంలో చదివే యువకులు క్యాంపస్ భూమి కోసం సభ పెట్టినప్పుడు మాణికేశ్వర్ నగర్ అక్కలనూ అన్నలనూ కూడా పిలవండి. వాళ్లు ఏమంటారో తెలియకుండా వాళ్ల తరఫున గానీ, వాళ్లకు ఎదురుగా గానీ మాట్లాడకండి.