ఫలింపని ప్రయత్నము వ్యర్థమా?

ఒక కార్యమునకై పదిమంది పది మార్గముల పూనుకొనగా, ఒక్క మార్గమే ఫలించినచో తక్కిన తొమ్మిదింటికి విలువ యేమి? లోకము గెలిచినవానికి పూలమాల వేయును, తక్కినవారిని మరచును. ఇది ధర్మమేనా?

శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండమునందు ఈ ప్రశ్న దాగియున్నది. సీతాన్వేషణమునకై సుగ్రీవుడు వినతుని తూర్పునకు, సుషేణుని పడమటికి, శతబలిని ఉత్తరమునకు, అంగద హనుమదాదులను దక్షిణమునకు పంపి, మాసము గడువిచ్చెను. మూడు దండులు రిక్తహస్తములతో మరలివచ్చినవి. కాని వారు వెదకిరి గనుకనే ఆ మూడు దిక్కుల జానకి లేదని తేలినది.

ఇటువంటి ఉదాహరణ మొకటి మన కాలమున హిమాలయములందు కానవచ్చినది. 2023 నవంబరు 12వ తేదీన, దీపావళినాడు, యమునోత్రి యాత్రామార్గమునకై ఉత్తరకాశి జిల్లా సిల్‌క్యారా వద్ద త్రవ్వుచున్న సొరంగములో కొంతభాగము కూలి 41 మంది కార్మికులు లోపల చిక్కుకొనిరి. నడుమ సుమారు 60 మీటర్ల శిథిలములు అడ్డుగా నిలిచెను. సన్నని గొట్టము ద్వారా ప్రాణవాయువును, మరమరాల వంటి ఆహారమును పంపుచు వారి ప్రాణములు నిలిపిరి.

ఏ దారి తెరచుకొనునో ఎవరికిని తెలియదు. కావున ఒక్క ఉపాయమునే నమ్ముకొనక, వేర్వేరు సంస్థలకు వేర్వేరు మార్గములు అప్పగించిరి. ముఖద్వారమునుండి కొందరు యంత్రముతో పెద్దగొట్టమును లోపలికి త్రోసిరి. కొందరు కొండపైనుండి నిలువుగా తొలిచిరి. మరికొందరు బార్కోట్ వైపునుండి రాతిని పేల్చుచు వచ్చిరి. 17వ తేదీన లోపల పెద్ద చప్పుడు వినవచ్చినంతనే పని నిలిపివేసిరి. అట్టి చోట ఆగుట కూడ పనియే. తన మార్గమే గెలువవలెనను పట్టుదల ప్రాణాంతకము.

24వ తేదీన యంత్రము శిథిలములలోని యినుములో చిక్కి ఆగిపోయినది. విరిగిన భాగములను కోయుటకు హైదరాబాదునుండి ప్లాస్మా కట్టరును విమానమున తెప్పించిరి. పిమ్మట ఎలుకబొరియల వంటి ఇరుకుచోటుల త్రవ్వుటయందు ఆరితేరిన పనివారు గొట్టములో దూరి, ఒకడు త్రవ్వగా, ఒకడు మట్టి యెత్తగా, మిగిలిన దూరమును చేతులతోనే తొలిచిరి. 28వ తేదీ రాత్రి 41 మందియు సజీవులై బయటపడిరి.

చివరి మీటర్లు త్రవ్విన చేతులకు కీర్తి దక్కినది, అది తగినదే. అయినను, విరిగిన యంత్రము అప్పటికే అధికదూరము దారి చేసియుండనిచో ఆ చేతులకు పని యెక్కడిది? కొండపై తొలిచిన రంధ్రము ఎవ్వరికిని ఉపయోగపడలేదు. కాని ముఖద్వారపు మార్గము మూసుకొనిపోయినచో, ఆ 41 మందికి మిగిలిన ఆశ అట్టి దారులే గదా!

“ఫలము లేని శ్రమను పొగడినచో అసమర్థతను పొగడినట్లు కాదా?” యని కొందరడుగవచ్చును. అజాగ్రత్త వలన చెడిన పని వేరు. సర్వశక్తులతో చేసినను అక్కరకు రాని పని వేరు. మొదటిది దోషము. రెండవది ధర్మము. అట్లే, రక్షించినవారిని కొనియాడుచు, సొరంగము కూలుటకు గల కారణములను మరచుటయు దోషమే.

గెలుపు తనదేయని తెలిసి శ్రమించుట సులభము. అది పొరుగువానిది కావచ్చునని యెరిగియు చేయి సడలనీయక శ్రమించుటయే నిజమైన సేవ. కార్యము నెరవేరిననాడు, పేరు వినబడని ఆ చేతులకు కూడ నమస్కరించుట మన విధి.