సార్వభౌమత్వం పంచుకోగలిగినదేనా?

పొరుగు రాజ్యాలు ఉమ్మడి సంస్థలు ఏర్పాటు చేసుకోవడం పైకి వ్యాపార లెక్కలా కనిపిస్తుంది. సుంకాలు, సరుకుల నాణ్యతా ప్రమాణాలు, కరెన్సీ, సరిహద్దు తనిఖీలు: చర్చంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. వీటన్నిటి కింద రాజనీతి శాస్త్రంలోని పాత ప్రశ్న ఒకటి దాగి ఉంది. ఒక దేశ ప్రజల మీద ఆఖరి అధికారం ఎవరిది? ఆ అధికారంలో కొంత తన దగ్గర ఉంచుకుని, కొంత బయటి సంస్థకు అప్పగించిన రాజ్యాన్ని ఇంకా సార్వభౌమ రాజ్యమని అనవచ్చునా? 1950లో పశ్చిమ ఐరోపాలో మొదలై నేడు 27 దేశాల ఐరోపా సమాఖ్యగా నిలిచిన ప్రయోగం ఈ ప్రశ్నను పుస్తకాల్లోంచి బయటికి తెచ్చి ఆచరణలో పరీక్షకు పెట్టింది.

సార్వభౌమత్వాన్ని విభజించడం కుదరదని సూత్రీకరించినవాడు ఫ్రెంచి న్యాయవేత్త జీన్ బోడిన్. ఆయన గ్రంథం 1576లో వెలువడింది. ఫ్రాన్సులో కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఒకరినొకరు ఊచకోత కోసుకుంటున్న రోజులవి. ఇతరుల సమ్మతి అవసరం లేకుండా చట్టం చేయగల అధికారం రాజ్యంలో ఒక్క చోటే ఉండాలి, రెండు చోట్ల ఉంటే ఎక్కడా లేనట్టే అన్నాడాయన. ఇంగ్లండు అంతర్యుద్ధం నేపథ్యంలో థామస్ హాబ్స్ 1651లో ఇదే వాదాన్ని మరింత కరకుగా వినిపించాడు. భయం లోంచి పుట్టిన సిద్ధాంతమని దాన్ని కొట్టిపారేయడం తేలిక. కానీ ఇంటి లోపల శాంతి తెచ్చిన ఆ సూత్రమే ఇంటి బయట చిక్కు తెచ్చిపెట్టింది. ఎవరికి వారే సర్వాధికారులైన రాజ్యాల మధ్య తగవు తీర్చే పెద్ద ఎవరూ ఉండరు. కౌటిల్యుడి మండల సిద్ధాంతం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఈ స్థితిని ఉన్నదున్నట్టు చెప్పింది: విజిగీషువు (జయం కోరే రాజు) రాజ్యాన్ని ఆనుకుని ఉన్న రాజు సహజంగా అరి (శత్రువు), ఆ అరికి అవతలివాడు మిత్రుడు. అక్కడ సంధులు ఉన్నాయి, అవి ప్రధానంగా బలాబలాల లెక్క మారేదాకా నిలిచే ఏర్పాట్లు. ఇద్దరు రాజులు కలిసి తమ ఇద్దరి పైనా మూడో అధికారాన్ని కూర్చోబెట్టుకోవడమనే ఊహకు ఆ చట్రంలో చోటు లేదు.

దీనికి భిన్నమైన ఆలోచనలు ఐరోపాలో లేకపోలేదు. జర్మన్ న్యాయవేత్త అల్తూసియస్ 1603లో సమాజాన్ని కుటుంబం, వృత్తి సంఘం, పట్టణం, మండలం అంటూ ఒకదానిపై ఒకటి పేర్చిన ఒడంబడికల వరుసగా చూశాడు. ఆయన లెక్కలో సార్వభౌమత్వం ప్రజలది. పై అంతస్తు చేతుల్లో ఉండేది కింది అంతస్తు అప్పగించిన పని మాత్రమే. ఇమాన్యుయేల్ కాంట్ 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన వ్యాసంలో స్వతంత్ర గణరాజ్యాల సమాఖ్యను ప్రతిపాదించాడు. ప్రపంచమంతా ఒకే రాజ్యమైతే అది నిరంకుశత్వానికి దారితీస్తుందని ఆయన శంక. అందుకే సమాఖ్యకు నైతిక బంధమే ఇచ్చాడు, బలవంతంగా అమలు చేసే అధికారం ఇవ్వలేదు. కాంట్ ఆగిన చోటే ఇరవయ్యో శతాబ్దపు అసలు సమస్య మొదలైంది. 1920లో పని ప్రారంభించిన నానాజాతి సమితి సదుద్దేశంతో పుట్టి, చెప్పిన మాట వినిపించుకునే బలం లేక, రెండో ప్రపంచ యుద్ధం నాటికి నామమాత్రంగా మిగిలింది. ఆ సమితిలో డిప్యూటీ సెక్రటరీ జనరల్‌గా పనిచేసిన జీన్ మోనే, ప్రతి సభ్యదేశం చేతిలో వీటో ఉంటే ఏమవుతుందో లోపలి నుంచి చూశాడు.

మోనే బృందం తయారుచేసిన ప్రకటనను ఫ్రెంచి విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ 1950 మే 9న పారిస్‌లో చదివాడు. ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీల మొత్తం బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒక ఉమ్మడి అధికార సంస్థ కింద పెట్టాలన్నది ప్రతిపాదన. బొగ్గు, ఉక్కు అంటే ఆ రోజుల్లో ఫిరంగులు, ట్యాంకులు. రూర్ గనులు, సార్ గనులు ఎవరి చేతుల్లో ఉండాలన్న తగాదా రెండు యుద్ధాల మధ్య కాలమంతా రగులుతూనే ఉంది. 1870 నుంచి లెక్కేస్తే ఆ రెండు దేశాలు మూడు సార్లు యుద్ధానికి దిగాయి. ఆస్తి పంపకాల్లో ఇళ్లు, పొలాలు వేరు చేసుకుని బావిని మాత్రం ఉమ్మడిగా ఉంచి వంతులు పెట్టుకునే అన్నదమ్ముల్లాగా, ఈ దేశాలు తగాదాకు మూలమైన ఆ ఒక్క ఆస్తినే పంపకం నుంచి తప్పించాయి. 1951 ఏప్రిల్ 18న ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ పారిస్ ఒప్పందంపై సంతకాలు చేశాయి.

ఒప్పందంలోని కొత్తదనం దాని సంస్థల్లో ఉంది. తొమ్మిది మంది సభ్యుల హై అథారిటీ ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోకూడదు, ఏ ప్రభుత్వమూ ఇవ్వకూడదు. బొగ్గు, ఉక్కు కంపెనీల నుంచి అది నేరుగా సుంకం వసూలు చేయగలదు, తప్పు చేస్తే జరిమానా వేయగలదు. దాని పక్కన మంత్రుల మండలి, ఒక సభ, ఒక న్యాయస్థానం. కాంట్ ఇవ్వడానికి వెనకాడిన అధికారం ఇక్కడ ఇచ్చారు, అయితే రెండే రెండు సరుకుల మేరకు. బోడిన్ అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పకుండా, ప్రశ్న పరిధినే కుదించడం ఈ పద్ధతిలోని నేర్పు.

దక్షిణాసియాతో పోల్చితే ఈ ఎంపిక ఎంత అసాధారణమో తెలుస్తుంది. 1985లో ఢాకాలో పుట్టిన సార్క్, ద్వైపాక్షిక, వివాదాస్పద విషయాలు చర్చకు రాకూడదనీ, నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగానే ఉండాలనీ తన చార్టర్‌లోనే రాసుకుంది. ఐరోపాలోని ఆరు దేశాలు వివాదంతోనే మొదలుపెట్టాయి. సార్క్ చివరి శిఖరాగ్ర సమావేశం 2014లో ఖాట్మండులో జరిగింది. తగాదాను గుమ్మం బయటే వదిలి రమ్మన్న సంస్థకు, ఆ తగాదా గుమ్మంలో అడ్డంగా కూర్చున్నప్పుడు చేయగలిగేది ఏమీ మిగలలేదు.

ఈ ఒడంబడికకు ఒప్పుకున్నవారి నేపథ్యం కూడా గమనించదగినది. షూమన్ లక్సెంబర్గ్‌లో పుట్టి, జర్మన్ పౌరుడిగా పెరిగి, లొరేన్ ప్రాంతం చేతులు మారాక ఫ్రెంచివాడయ్యాడు. ఇటలీ ప్రధాని డి గాస్పెరి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో పుట్టి వియన్నా పార్లమెంటులో కూర్చున్నవాడు. జర్మన్ చాన్సలర్ అడెనావర్ రైన్ నది ఒడ్డున కొలోన్ నగరానికి మేయరుగా చేసినవాడు. సరిహద్దు మనుషులైన ఈ ముగ్గురూ భక్తులైన కాథలిక్కులు. జాతి రాజ్యమే సర్వస్వమన్న భావాన్ని వారి మతం ఎన్నడూ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. పోప్ పదకొండో పయస్ 1931లో వెలువరించిన లేఖలో, కింది స్థాయి సముదాయం చేయగలిగిన పనిని పై స్థాయి లాక్కోవడం అన్యాయమని బోధించాడు. సబ్సిడియారిటీ అనే ఈ సూత్రం 1992 నాటి మాస్ట్రిక్ట్ ఒప్పందంలో చట్టంగా చేరింది. తమాషా ఏమిటంటే, తర్వాత దాన్ని ఎక్కువగా వాడుకున్నది సమాఖ్య కేంద్రమైన బ్రసెల్స్ అధికారాన్ని కత్తిరించాలనుకున్నవారే. మతం ప్రభావం ఇంత ఉన్నా, 2003-04లో ఐరోపా రాజ్యాంగ ముసాయిదా పీఠికలో దేవుడి పేరు, క్రైస్తవ వారసత్వం పేర్కొనాలన్న ప్రతిపాదన నెగ్గలేదు. ‘సాంస్కృతిక, మత, మానవతావాద వారసత్వం’ అన్న మాటతో సరిపెట్టుకున్నారు.

అయితే ఆదర్శవాదం ఒక్కటే ఇంత దూరం నడిపించిందనుకుంటే పొరపాటు. రాజ్యాలు తమను తాము కాపాడుకోవడానికే ఈ పని చేశాయని బ్రిటిష్ చరిత్రకారుడు అలన్ మిల్వర్డ్ 1992లో వాదించాడు. యుద్ధంలో ఓడిన, ఆక్రమణకు గురైన రాజ్యాలు ప్రజలకు ఉపాధి, సంక్షేమం కల్పించి మళ్లీ నమ్మకం సంపాదించడానికి వాటికి పెద్ద మార్కెట్టు కావలసివచ్చింది. ఈ వాదనలో బలం ఉంది. ఇటలీ 1948 రాజ్యాంగం, పశ్చిమ జర్మనీ 1949 మౌలిక శాసనం సార్వభౌమత్వంపై పరిమితులను ముందుగానే అనుమతించాయి. ఓటమి ఎరగని బ్రిటన్ 1950లో పక్కన నిలబడింది. సైన్యం సంగతి వచ్చేసరికి ఫ్రాన్సే వెనకడుగు వేసింది: ఉమ్మడి రక్షణ ఒప్పందాన్ని 1954 ఆగస్టు 30న ఫ్రెంచి జాతీయ సభ తోసిపుచ్చింది. దాంతో ఏకీకరణ మళ్లీ మార్కెట్టు దారి పట్టి, 1957 మార్చి 25న రోమ్ ఒప్పందంగా స్థిరపడింది.

మంత్రులు ఆచితూచి అడుగేస్తుంటే, తాత్త్విక ప్రశ్నను బల్లమీద పెట్టింది న్యాయమూర్తులు. వాన్ గెండ్ ఎన్ లోస్ అనే డచ్చి రవాణా సంస్థ జర్మనీ నుంచి తెచ్చిన ఒక రసాయనంపై దిగుమతి సుంకం పెరిగింది. ఇది రోమ్ ఒప్పందానికి విరుద్ధమని సంస్థ దావా వేసింది. రాజ్యాల మధ్య ఒప్పందాన్ని చూపి ఒక మామూలు కంపెనీ తన సొంత ప్రభుత్వాన్ని కోర్టుకీడ్వవచ్చా? వచ్చునని లక్సెంబర్గ్‌లోని ఉమ్మడి న్యాయస్థానం 1963 ఫిబ్రవరిలో చెప్పింది. ఈ ఒప్పందం కొత్త న్యాయ వ్యవస్థను సృష్టించిందనీ, దాని హక్కులు రాజ్యాలతో పాటు వాటి పౌరులకూ చెందుతాయనీ తీర్పు సారాంశం. మిలాన్‌లో కోస్టా అనే న్యాయవాది, విద్యుత్తు జాతీయకరణను నిరసిస్తూ, చిన్నపాటి కరెంటు బిల్లు కట్టనని మొరాయించాడు. ఆ కేసులో 1964లో, జాతీయ చట్టానికీ ఉమ్మడి చట్టానికీ పొసగనప్పుడు ఉమ్మడి చట్టానిదే పైచేయి అని అదే న్యాయస్థానం తేల్చింది. రోమ్ ఒప్పందంలో ఎక్కడా ఇలా రాసి లేదు. సైన్యం, పోలీసు లేని కోర్టు ఆ మాట అనగలిగింది, జాతీయ కోర్టులు దాన్ని చాలావరకు పాటించాయి. ఐరోపా ఏకీకరణ చరిత్రలో ఇంతకన్నా ఆశ్చర్యకరమైన ఘట్టం లేదు.

‘చాలావరకు’ అన్న మాటలోనే అసలు కథ ఉంది. జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం 1974లో, ఉమ్మడి వ్యవస్థలో ప్రాథమిక హక్కులకు తగిన రక్షణ లేనంతకాలం తాను తనిఖీ చేస్తూనే ఉంటానంది. 1986లో, రక్షణ ఉన్నంతకాలం తనిఖీ చేయనంది. 1993లో మాస్ట్రిక్ట్ ఒప్పందానికి ఆమోదముద్ర వేస్తూ, ఒప్పందాలకు యజమానులు సభ్యరాజ్యాలేనని గుర్తుచేసింది. 2020 మే 5న ఒకడుగు ముందుకేసి, ఐరోపా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోలును సమర్థించిన లక్సెంబర్గ్ తీర్పు పరిధి దాటిందని ప్రకటించింది. సమాఖ్య కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషన్ జర్మనీపై చర్య మొదలుపెట్టి 2021 డిసెంబరులో ముగించింది. రెండు కోర్టుల్లో ఏదీ తన సిద్ధాంతాన్ని వదులుకోలేదు. బోడిన్ ఇది చూసి ఉంటే రాజ్యమే లేదనేవాడు. ఆయన సూత్రం ఇక్కడ తప్పిందనే చెప్పాలి: ఆఖరి మాట ఎవరిదో తేల్చకుండానే ఒక చట్ట వ్యవస్థ అర్ధశతాబ్దానికి పైగా సాగింది. తేల్చమని పట్టుబట్టేవారు తక్కువగా ఉన్నన్నాళ్లూ సాగుతుందన్నది ఆ విజయానికి ఉన్న షరతు. పోలెండ్ రాజ్యాంగ ట్రిబ్యునల్ 2021 అక్టోబరులో పట్టుబట్టినప్పుడు వ్యవహారం జర్మనీ విషయంలోలా సర్దుబాటుతో ముగియలేదు.

రాజకీయ సంస్థలదీ ఇదే ధోరణి. మెజారిటీ ఓటింగు విస్తరణను అడ్డుకోవడానికి ఫ్రెంచి అధ్యక్షుడు డీగాల్ 1965 జులై నుంచి దాదాపు ఏడు నెలలు మంత్రుల మండలిలో ఫ్రాన్సు కుర్చీని ఖాళీగా ఉంచాడు. 1966 జనవరిలో లక్సెంబర్గ్‌లో కుదిరిన రాజీ, తమ మధ్య అభిప్రాయభేదం ఉందని నమోదు చేసి ఊరుకుంది. ఇరవయ్యేళ్ల తర్వాత ఒకే మార్కెట్టు కోసం మెజారిటీ ఓటు తిరిగి వచ్చింది. ఇప్పుడు చాలా విషయాల్లో 55 శాతం దేశాలు, 65 శాతం జనాభా కలిస్తే చట్టం నెగ్గుతుంది. పన్నులు, విదేశాంగ విధానాల్లో మాత్రం వీటో మిగిలే ఉంది.

ఓటుతో పాటే మరో ప్రశ్న వస్తుంది. మెజారిటీకి తలవంచడానికి ముందు, ఓడినవారు గెలిచినవారితో కలిసి తాము ఒకే ప్రజ అనుకోవాలి. అలాంటి ఐరోపా ప్రజ లేదు కనుక ఐరోపా రాజ్యాంగం కుదరదని జర్మన్ న్యాయవేత్త డీటర్ గ్రిమ్ 1995లో అన్నాడు. ప్రజ ముందుగా ఉండనక్కర్లేదు, ఉమ్మడి రాజకీయాల్లో పాల్గొంటూ తయారవుతుందని తత్త్వవేత్త యుర్గెన్ హేబర్‌మాస్ బదులిచ్చాడు. ఐరోపా పార్లమెంటుకు 1979 నుంచి నేరుగా ఎన్నికలు జరుగుతున్నా హేబర్‌మాస్ ఆశ ఇంకా ఆశగానే ఉంది. 2005లో ఫ్రాన్సు, నెదర్లాండ్స్ ఓటర్లు రాజ్యాంగ ఒప్పందాన్ని తిరస్కరించారు. గ్రీసు అప్పుల సంక్షోభంలో గ్రిమ్ వాదన మరింత బాధాకరంగా రుజువైంది. అప్పట్లో యూరో వాడిన 19 దేశాలకు వడ్డీరేటు ఒకటే. పన్నులు, పింఛన్లు, అప్పులు ఎవరివి వారివి. 2015 జులై 5న గ్రీసు ఓటర్లలో 61 శాతం రుణదాతల షరతులు వద్దన్నారు. జులై 13 తెల్లవారేసరికి వారి ప్రభుత్వం కఠిన షరతులకు తలూపింది. అవతల కూర్చున్న 18 ప్రభుత్వాలు కూడా ఎన్నికైనవే, వాటికీ ఓటర్లున్నారు. ప్రజాస్వామ్యాలు ఒకదానితో ఒకటి తలపడితే ఎవరి మాట నెగ్గాలో చెప్పే సూత్రం ఏ ఒప్పందంలోనూ లేదు. ఆ రాత్రి నెగ్గింది డబ్బున్న పక్షం.

బయటికి వెళ్లే హక్కు 2009లో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందంలోని 50వ అధికరణంతో స్పష్టమైంది. 2016 జూన్ 23న బ్రిటిష్ ఓటర్లలో 51.9 శాతం ఆ దారి ఎంచుకున్నారు, 2020 జనవరి 31న బ్రిటన్ నిష్క్రమించింది. వెళ్లిపోగలిగినవాడు సార్వభౌముడే కనుక, రాజ్యాలు పోగొట్టుకున్నదేమీ లేదని ఒక పక్షం అంటుంది. ఉత్తర ఐర్లండ్ ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోనివ్వదు. ఐర్లండ్ ద్వీపంలో మళ్లీ సరిహద్దు గేట్లు వేస్తే అక్కడి శాంతి ఒప్పందం దెబ్బతింటుందని, ఉత్తర ఐర్లండ్ సరుకులకు ఐరోపా నిబంధనలే చాలావరకు కొనసాగించారు. ఆ నిబంధనలు చేసే పార్లమెంటులో ఉత్తర ఐర్లండ్‌కు ఇప్పుడు సభ్యులు లేరు. బదులుగా, ఈ ఏర్పాటు ఉండాలా వద్దా అని కొన్నేళ్లకోసారి ఓటు వేసే అధికారాన్ని స్టోర్‌మాంట్‌లోని ఉత్తర ఐర్లండ్ అసెంబ్లీకి ఇచ్చారు. 2024 డిసెంబరులో తొలిసారి ఆ ఓటింగు జరిగింది. బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు వ్యతిరేకించినా, మిగిలిన పార్టీల మెజారిటీతో మరో నాలుగేళ్లు కొనసాగించాలని సభ తీర్మానించింది.