ఈడు ఎప్పుడొస్తుంది?

మన దేశంలో 18 ఏళ్లు నిండితే మేజర్. స్కాట్లాండ్‌లో 16కే, థాయ్‌లాండ్‌లో 20కి. జపాన్ 2022లో 20 నుంచి 18కి దించింది. మరి ఏది సరైంది? ఈ హద్దులన్నీ మనుషులు పెట్టుకున్నవే. అందుకే హద్దు వెనకున్న కారణం అడగాలి.

వినయ పిటకం ప్రకారం భిక్షువు కావాలంటే 20 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లు ఎండ, చలి, ఆకలి ఓర్చుకోలేరన్నది అక్కడ చెప్పిన కారణం. మోయలేని బరువు పెట్టొద్దనే కదా!

1991 ఆగస్టులో మన పాతబస్తీ నుంచి సుమారు పదేళ్ల పిల్లను పెళ్లి పేరుతో అరవై ఏళ్ల సౌదీ మనిషి తీసుకుపోతున్నాడు. విమానంలో ఆమె ఏడుపు చూసి ఎయిర్ హోస్టెస్ అడ్డుపడింది. ఆడపిల్ల పెళ్లికి 18 ఏళ్లని 1978 నుంచే చట్టముంది. అయినా ఆ రోజు ఒక మనిషి ఆగి అడిగితేనే పని జరిగింది.

మన ఇళ్ల సంగతేంటి? 18 నిండిన మర్నాడే పెళ్లి చేస్తే చట్టం ఊరుకుంటుంది. కరుణ ఊరుకుంటుందా? ఆ వయసు దాటిన బిడ్డ తన మనసులో మాట చెబితే "నీకేం తెలుసు" అని నోరు మూయించడం న్యాయమా? హద్దుకు ఇవతల కాపుదల, అవతల గౌరవం. రెండూ మనమే ఇవ్వాలి.