నిక్షేపధర్మము

వేసవి వచ్చినచో నూజివీడు తోటలలో రసాలు, బంగినపల్లులు కోతకు వచ్చును. రైతు కాయలను వరిగడ్డిలో పొదిగి దూరప్రాంతములకు పంపును. పదిమంది సరుకుతో కలిసి పోవు లారీలో పంపుట ఒక పద్ధతి. తన సరుకునకే లారీని కుదుర్చుకొనుట మరియొక పద్ధతి. రెండవదానిలో ఆలస్యము తక్కువ. ఐనను అంతమాత్రమున రైతు బాధ్యత తీరినదా?

నేటి కంప్యూటరు వ్యవస్థలలోను ఇదే ప్రశ్న కలదు. సంస్థలు తమ వివరములను క్లౌడ్ అను సుదూర కేంద్రములలో భద్రపరచుచున్నవి. ఆ రాకపోకలు సామాన్యముగా అందరును వాడు ఇంటర్నెట్ మార్గముననే సాగును. అట్లుగాక తమ కార్యాలయమునుండి ఆ కేంద్రమునకు ప్రత్యేక మార్గమును ఏర్పరచుకొనుటయు కలదు. అమెజాన్ సంస్థ 2011లో డైరెక్ట్ కనెక్ట్ అను పేరను, మైక్రోసాఫ్ట్ సంస్థ 2014లో ఎక్స్‌ప్రెస్‌రూట్ అను పేరను ఈ సౌకర్యమును ప్రారంభించినవి. 2022 నవంబరులో అమెజాన్ క్లౌడ్ కేంద్రములు హైదరాబాదునకే వచ్చినవి.

మార్గము ప్రత్యేకమైనది కనుక రహస్యము భద్రమని కొందరు తలంతురు. అది భ్రాంతి. మార్గము వేరగుట ఒకటి. సందేశమును సంకేతలిపిలో మరుగుపరచుట వేరొకటి. మొదటిది ఉన్నంతమాత్రమున రెండవది సిద్ధింపదు. తీగ ఒకటే యైనచో అది తెగిననాడు పని నిలిచిపోవును. కావున విజ్ఞులు వేరువేరు దారులలో రెండు తీగలు వేయించుకొందురు.

మన ధర్మశాస్త్రములు పదునెనిమిది వ్యవహారపదములలో నిక్షేపమును ఒకటిగా చెప్పినవి. నమ్మి దాచుమని ఇచ్చినదే నిక్షేపము. 2021 సెప్టెంబరులో తిరుమల తిరుపతి దేవస్థానము సర్వదర్శనము టోకెన్లను క్లౌడ్ సహాయముతో ఆన్‌లైనులో విడుదల చేసినది. ఇట్లు దర్శనమునకై భక్తుడు తెలుపు పేరు, ఊరు, గుర్తింపు సంఖ్య నిక్షేపములే కదా!

దొంగలెత్తుకొనిపోయినను, నీట కొట్టుకొనిపోయినను, నిప్పున కాలినను, తానందులో ఏమియు తీసికొననిచో దాచినవాడు తిరిగి ఈయనక్కరలేదని మనుస్మృతి చెప్పును. ఆ మినహాయింపును చేజాలని ఆపదకే గాని, చేతనుండియు వేయని తాళమునకు వర్తింపజేయుట న్యాయము కాదు. మోయువానికి మూల్యమిచ్చితిమి, ఇక మాకేమి అనుటయు చెల్లదు. ఇచ్చినవాడు నమ్మినది పుచ్చుకొన్నవానినే గాని, మోయువానిని కాదు.

లారీ తనదే యైనను మంచి రైతు ప్రతి కాయక్రింద గడ్డి పరచును. పరులు నమ్మి ఇచ్చినదానియెడ మనకందరకు అట్టి జాగరూకత కలుగుగాక!