తొందరేమొచ్చింది, నాయనా

ఆగు నాయనా, ఆ రిపోర్టు ఇప్పుడే పంపకు. గ్రాఫులు రంగురంగులుగా వచ్చాయి, సాల్వర్ ఎక్కడా ఎర్రర్ చూపలేదు, నిజమే. ఖాజాగూడ గుట్టల పక్కన అపార్ట్‌మెంటులో కూచుని, చిప్పులు చెక్కే యంత్రంలో గ్యాసు ప్లాస్మాగా ఎలా వెలుగుతుందో లెక్కగడుతున్నావంటే మాకు గర్వమే. నీ శ్రద్ధను తప్పుపట్టడం లేదు, తొందర వద్దంటున్నాను.

ఎన్ని సైకిళ్ళు నడిపావు? రెండొందలా? 13.56 మెగాహెర్ట్జ్ అంటే ఒక్కో సైకిలు దాదాపు 74 నానోసెకన్లు. ఎలక్ట్రాన్లు చురుకైనవి, కాసేపట్లోనే దారిన పడ్డట్టు కనిపిస్తాయి. అయాన్లు బరువు. ఆర్గాన్ మెటాస్టేబుళ్ళు ఇంకా నిదానం. అవన్నీ సర్దుకోవాలంటే వేల సైకిళ్ళు పడతాయి. మీ అమ్మమ్మ ఆవకాయ కలిపిన రోజే ఉప్పు సరిపోయిందని ఎప్పుడైనా చెప్పిందా? మూడోనాడు తిరగగలిపి, అప్పుడు కదా రుచి చూసేది. గీత కదలడం లేదని ఆపేయకు. అయాన్లు ఎన్ని పుడుతున్నాయి, గోడల దగ్గర ఎన్ని పోతున్నాయి, ఆ రెండూ సరిపోయాయా చూడు. సరిపోకపోతే రాత్రంతా నడవనీ. అది నడుస్తుంటే నువ్వు పడుకో. తెర ముందు కాపలా కాస్తే లెక్క వేగం పెరగదు.

ఇక శక్తి సమీకరణం. బరువని దాన్ని తీసేసి, ఆ చోట విద్యుత్ క్షేత్రం ఎంతుందో దాన్నిబట్టే ఎలక్ట్రాన్ల వేడి అంచనా వేసే అలవాటు ఉంది చూశావూ, అది మానుకో. ప్లాస్మా నడిమధ్యన క్షేత్రం దాదాపు సున్నా. అక్కడ ఎలక్ట్రాన్లు చల్లారిపోయాయనీ, అయనీకరణం లేదనీ మోడల్ చెప్పేస్తుంది. నిజానికి అవి ఎలక్ట్రోడు పక్కనుండే పలచటి షీత్ అంచున వేడెక్కి, ఆ వేడిని లోపలికి మోసుకొస్తాయి. అందుకే శక్తికి విడిగా సమీకరణం ఉండాలి, రేట్లు సగటు శక్తినిబట్టి తీసుకోవాలి. అదున్నా సరే, ఒత్తిడి బాగా తగ్గితే నీలాంటి ఫ్లూయిడ్ మోడల్, అంటే సగటులతో నడిచే లెక్క, దాని మాట చెల్లదు. తక్కువ ఒత్తిడి ఆర్గాన్‌లో ఎలక్ట్రాన్లు చల్లటి గుంపు, వేడి గుంపుగా విడిపోతాయని గోడ్యాక్, పీజాక్ 1990లో కొలిచి చూపించారు. ఒకే ఒక్క సగటుతో ఆ రెండు గుంపుల సంగతీ ఎలా చెబుతావు?

ఫ్లక్సులకు షార్ఫెటర్, గమ్మెల్ 1969లో సిలికాన్ డయోడ్ కోసం రాసిన పద్ధతి వాడుతున్నావు, మంచిదే. (సిలికాన్ కోసం పుట్టిన లెక్క, సిలికాన్‌ను చెక్కే ప్లాస్మాకూ అక్కరకొచ్చింది!) అది సాంద్రతను నెగెటివ్‌కు పోనివ్వదు కదా అన్న ధీమాతో షీత్‌లో గళ్ళు పెద్దవి పెట్టకు. గళ్ళు సగం చేసి మళ్ళీ నడుపు. జవాబు మారితే అది జవాబు కాదు.

అన్నిటికన్నా చెడ్డ అలవాటు ఇంకోటుంది. కొలతతో కలవలేదని సెకండరీ ఎలక్ట్రాన్ గుణకాన్ని కాస్త జరిపి కలిపేయడం. ఈ రోజుకు కలుస్తుంది. రేపు ఒత్తిడి మారుస్తారు, ఎలక్ట్రోడు లోహం మారుస్తారు, నీ మోడల్ తప్పు చెబుతుంది. అప్పటికి నువ్వు ఏ అంకె జరిపావో నీకే గుర్తుండదు. పాడయ్యే వేఫర్లు ఇంకెవరివో, మాట పోయేది నీది.

పోల్చుకోవడానికి ఏమీ లేదనకు. 1988లో గ్యాసియస్ ఎలక్ట్రానిక్స్ కాన్ఫరెన్స్ వాళ్ళు ఒకే కొలతలతో ఒక రిఫరెన్స్ సెల్ అనుకున్నారు, పలు ల్యాబుల్లో దాన్నే కట్టి కొలిచారు. 2013లో టర్నర్ బృందం హీలియంలో, 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర, నాలుగు కేసులను ఐదు వేర్వేరు పార్టికల్ కోడ్‌లతో నడిపి, అన్నీ ఒక్కమాట మీదికి వచ్చాక అచ్చువేసింది. అంతమంది అంత ఓపిక పట్టారు, నువ్వు ఒక్క వారం పట్టలేవా?

ముందు ఆ హీలియం కేసులు నడుపు. నీ ఫ్లూయిడ్ లెక్క వాళ్ళకు ఎంత దూరంలో ఉందో దాచకుండా రిపోర్టు మొదటి పేజీలోనే రాయి. ఏ ఒత్తిడికన్నా కింద దాన్ని నమ్మకూడదో అదీ రాయి. మేనేజరు విసుక్కుంటే విసుక్కోనీ. ఇక లే, మీ అమ్మ ఇందాకట్నుంచీ అన్నానికి పిలుస్తోంది.